కోసి కుట్టాలా, స్టెంట్ వేయాలా అని మమ్మల్ని అడిగే ముందు

విజయవాడ, గుంటూరు ఆసుపత్రుల్లో రక్తనాళాల ఆపరేషన్లు చేసే డాక్టర్లకూ, ఆ ఆసుపత్రులు నడిపే పెద్దలకూ నమస్కారం.

నేను గుంటూరు బ్రాడీపేటలో ఉంటాను. హైస్కూల్లో 31 ఏళ్ళు లెక్కలు చెప్పి రిటైరయ్యాను. మా ఆయనకీ, విజయవాడ సింగ్‌నగర్‌లో ఉండే మా పెద్దన్నయ్యకీ వచ్చింది ఒకటే జబ్బు. గుండె నుంచి పొట్టలోకి దిగే పెద్ద రక్తనాళం, మీరు అయోర్టా అనేది, ఉబ్బింది. అన్నయ్యకి 2021లో స్టెంట్ వేశారు. మా ఆయనకి పోయిన ఏడాది పొట్ట కోసి ఆపరేషన్ చేశారు. ఇద్దరూ బాగానే ఉన్నారు. ఇద్దరూ ఈ ఉత్తరం రాయొద్దనే అన్నారు. మళ్ళీ అవసరం పడితే వెళ్ళాల్సింది మీ దగ్గరికే కదా అని వాళ్ళ భయం.

మీ చేతి పని మీద నాకు ఫిర్యాదు లేదు. మీరు మాతో మాట్లాడిన తీరు మీదే ఉంది.

మా ఆయనకి 67. పొగాకు కంపెనీలో ఖాతాలు రాసేవారు. పొగాకు బోర్డు 1976 నుంచీ ఉన్న ఊరు మాది, పొగాకు మీద బతికిన ఇళ్ళు లెక్కలేనన్ని. ఆయన మాత్రం పొగాకు మీద బతకడమే కాదు, ఇరవయ్యో ఏట నుంచి రోజుకో పెట్టె తాగారు కూడా. ఈ ఉబ్బుకి అన్నిటికంటే పెద్ద కారణం సిగరెట్టేనని మాకు తర్వాత తెలిసింది. షుగరు ఉన్నవాళ్ళలో ఇది కాస్త తక్కువగా కనిపిస్తుందని కూడా అప్పుడే తెలిసింది. మా ఆయనకి షుగరు లేదు. ఇన్నాళ్ళూ అదేదో ఘనకార్యంలా చెప్పుకునేవారు.

మూత్రం ఇబ్బందిగా ఉందని కొత్తపేటలో అల్ట్రాసౌండ్ తీయిస్తే ఇది బయటపడింది. రెండు సెంటీమీటర్లు ఉండాల్సిన నాళం 5.8 ఉంది. నొప్పి లేదు, నలత లేదు. అంతకు ముందు రోజు కూడా స్టేడియంలో నాలుగు రౌండ్లు నడిచి వచ్చారు.

మర్నాడే విజయవాడలో ఒక పెద్ద ఆసుపత్రికి వెళ్ళాం. సీటీ యాంజియో, అంటే మందు ఎక్కించి రక్తనాళాలకి తీసే స్కాను, తీశారు. డాక్టరు గారు మాతో మాట్లాడింది ఏడు నిమిషాలు. మొదటి మాట, "మగవాళ్ళెవరూ రాలేదా అమ్మా?" పక్కన కూర్చున్న మా ఆయన ఆ లెక్కలోకి రారు కాబోలు. రెండో మాట, "పొట్టలో బాంబు పెట్టుకుని తిరుగుతున్నారు." ఆ తర్వాత ఆయన ఏం చెప్పారో మా ఇద్దరిలో ఎవరికీ గుర్తు లేదు. బాంబు అన్నాక ఎవరికి వినిపిస్తుంది? అక్కడి నుంచి ఇంకో గదిలోకి తీసుకెళ్ళి, ఒక అమ్మాయి చేత రెండు కాగితాలు చూపించారు. ఒకటి కోత ఆపరేషన్, ఇంకోటి కోత లేకుండా స్టెంట్. ఐసీయూ ఎన్ని రోజులు, రూము ఎన్ని రోజులు, మొత్తం ఎంత. స్టెంట్ ఖర్చు రెట్టింపు పైనే. "మూడో రోజు ఇంటికెళ్ళిపోవచ్చు ఆంటీ, సాయంత్రంలోపు చెప్పండి, ఆలస్యం మంచిది కాదు" అంది. పాపం, ఆ అమ్మాయిని అనడానికి లేదు. ఆమెకి నేర్పిందే ఆమె చెప్పింది.

గుంటూరులో ఇంకో చోటికి వెళ్ళాం. అక్కడ పెద్దాయన కాగితాలు చూడకుండానే, "స్టెంటా? అవి నిలవవు. కోసి శుభ్రంగా కుట్టేద్దాం" అన్నారు. నాలుగు రోజులు వాకబు చేస్తే సంగతి అర్థమైంది. మొదటి చోట కోత ఆపరేషన్ చేసే సర్జన్ ఉండరు, కావాలంటే హైదరాబాదు నుంచి వస్తారు. రెండో చోట స్టెంట్ వేయడానికి కావలసిన ల్యాబ్ లేదు. ఎవరి దుకాణంలో ఉన్న సరుకు వాళ్ళు అమ్మారు. సరుకు మంచిదే కావచ్చు. కానీ పక్క దుకాణంలో ఉన్నదాని గురించి ఒక్క మాట నిజం చెప్పి ఉంటే మాకు ఆ నాలుగు రాత్రులు నిద్ర పట్టేది.

మా పుట్టిల్లు తెనాలి దగ్గర. కాలువ గట్టు మీద పెరిగినదాన్ని కాబట్టి ఈ రెండు పద్ధతులూ నాకు చివరికి కాలువ లెక్కలోనే అర్థమయ్యాయి. మీరెవరూ ఇలా చెప్పలేదు గనక నేనే చెబుతాను, తప్పుంటే దిద్దండి.

కాలువ గట్టు ఒకచోట పలచబడి బయటికి ఉబ్బింది. గండి పడితే పదిమందిలో ఎనిమిది మంది దాకా దక్కరు, చాలామంది ఆసుపత్రి గుమ్మం కూడా చేరరు. అందుకని గండి పడకముందే ఏదో ఒకటి చేయాలి. కాసేపు నీళ్ళు కట్టేసి, పాడైన మేర విప్పి, అక్కడ కొత్త కాలువ కట్టడం ఒక దారి. అది కోత ఆపరేషన్. పెట్టే కొత్త గొట్టం డెక్రాన్ గుడ్డతో చేసింది. 1950ల్లో హ్యూస్టన్‌లో డిబేకీ అనే సర్జన్ ఆ గొట్టాలను మొదట కుట్టుమిషను మీద స్వయంగా కుట్టారట, ఈ ముక్క వినగానే నాకెందుకో సగం భయం పోయింది.

రెండో దారి, నీళ్ళు పారుతుండగానే లోపల ఒక పైపు దించడం. గజ్జల దగ్గర నాళంలోంచి, గుడ్డ తొడిగిన లోహపు జాలీని ముడిచి పైకి పంపి, ఉబ్బు దగ్గర విప్పుతారు. బ్యూనస్ ఎయిర్స్‌లో పరోడి అనే సర్జన్ 1990లో పొట్టలో ఉబ్బుకి ఈ పద్ధతి మొదలుపెట్టారు. పొట్ట కోయక్కర్లేదు. కానీ పాత గట్టు అక్కడే ఉంటుంది. పైపు రెండు కొసలూ గట్టి గోడలో బిగుసుకుని కూర్చుంటేనే పని జరుగుతుంది. పై కొస కూర్చోడానికి కిడ్నీల నాళాలకి దిగువన సెంటీమీటరు, సెంటీమీటరున్నర మేర బాగున్న గోడ కావాలి, అది మరీ వంకరగా ఉండకూడదు. కొసల దగ్గర ఊట మొదలైతే ప్రమాదం, వెంటనే సరిచేయాలి. పక్క తూముల్లోంచి నీళ్ళు వెనక్కి వచ్చి పైపుకీ పాత గట్టుకీ మధ్య చేరడం ఇంకో రకం. ఇది చాలామందిలో వచ్చేదే, తరచు దానంతటదే ఆగిపోతుంది, ఉబ్బు పెరగనంతవరకూ గమనిస్తుంటే చాలు. ఆ గమనించడం మాత్రం బతికినన్నాళ్ళూ ఉంటుంది. నెల తిరిగాక ఒక స్కాను, ఏడాది తిరిగాక ఒకటి, ఆ తర్వాత ఏటేటా స్కాను. ప్యాకేజీ కాగితంలో ఆ గడే లేదు.

గుండెకి వేసే స్టెంట్, దీని స్టెంట్ ఒకటేనని మా బంధువుల్లో ఇప్పటికీ సగం మంది అనుకుంటారు. పేరు అలా ఉంది మరి. "స్టెంట్ వేయించేశారుగా, ఇంక భయం లేదు" అని మా అన్నయ్యతో అందరూ అన్నారు. అన్నయ్యకి అప్పటికి 74, గుండెకి బైపాస్ అయింది, ఊపిరితిత్తులు అంతంతమాత్రం. ఆయనకి స్టెంటే సరైనది, ఇప్పుడు మళ్ళీ అడిగినా నేను అదే అంటాను. మూడో రోజు ఇంటికి వచ్చి, నాలుగో రోజు పెసరట్టు తిన్నారు. డిశ్చార్జి కాగితం కింద ఇంగ్లీషులో ఒక లైను ఉంది, చెప్పిన ప్రకారం మళ్ళీ రావాలని. చెప్పింది ఎవరు, ఎవరికి? మా వదిన ఆరో తరగతి దాకా చదువుకుంది. బీపీ మాత్రలు మాత్రం ఒక్క పూట తప్పించలేదు, ఎందుకంటే అవి ఎప్పుడు వేయాలో మందుల షాపు కుర్రాడు కవరు మీద తెలుగులో రాసిచ్చాడు.

మూడున్నరేళ్ళు ఒక్క స్కాన్ లేదు. 2024 సెప్టెంబరులో బుడమేరుకి గండ్లు పడి సింగ్‌నగర్ మునిగినప్పుడు వాళ్ళింట్లో నడుము లోతు నీళ్ళు. బీరువా కింది అరలో పెట్టిన స్కాన్ ఫిల్ములు, సీడీ, డిశ్చార్జి కాగితం అన్నీ ముద్దయిపోయాయి. ఆ తర్వాత కొన్నాళ్ళకి నడుము నొప్పి అంటే, బురద ఎత్తిపోసినందుకేలే అనుకున్నాం. నొప్పి తగ్గకపోతే స్కాన్ తీయించాం. స్టెంటు కింది కొస దగ్గర ఊట, ఉబ్బు ఏడు సెంటీమీటర్లకు దగ్గర. మొదట ఎంత ఉండేదని అడిగారు డాక్టరు. ఆరు అని వదిన, ఆరున్నర అని మేనల్లుడు. వేసిన ఆసుపత్రిని అడిగితే పాత బొమ్మలు తమ దగ్గర లేవన్నారు. ఏ కంపెనీ స్టెంటు, ఏ సైజు అని తేల్చడానికే రెండు రోజులు పట్టింది. చివరికి ఇంకో చిన్న ముక్క జోడించి ఊట ఆపారు, ఖర్చు మళ్ళీ లక్షల్లో. వరద మీ తప్పు కాదు. కానీ మూడేళ్ళలో ఒక్క ఫోను, ఒక్క మెసేజి రాలేదు. మా వీధి కంటి ఆసుపత్రి వాళ్ళు నా పుట్టినరోజుకి కూడా మెసేజి పెడతారు.

ఇంకోటి కూడా. తోబుట్టువుల్లో ఒకరికి ఉంటే మిగతావాళ్ళూ చూపించుకోవడం మంచిదని 2021లో మాకెవరూ చెప్పలేదు. మా ఆయన గొడవలో నేనే చదివి తెలుసుకుని వెళ్ళి తీయించుకున్నాను. 1.8 సెంటీమీటర్లు. పది నిమిషాల పని.

ఇక అంకెలు. లెక్కల టీచర్ని గనక ఇక్కడ కాసేపు ఆగుతాను. బ్రిటన్‌లో 1999లో ఈవార్-1 అని ఒక పెద్ద పరిశోధన మొదలైంది. రెండు పద్ధతులకీ పనికొచ్చే వాళ్ళను 1,252 మందిని తీసుకుని, చీటీలు వేసినట్టు రెండు జట్లుగా విడగొట్టారు. నెల తిరిగేసరికి కోత జట్టులో నూటికి నలుగురి పైన పోయారు, స్టెంట్ జట్టులో ఇద్దరి కంటే తక్కువ. మీలో చాలామంది మాకు చెప్పే లెక్క ఇక్కడితో ఆగుతుంది. పిల్లలు మొదటి మెట్టు దగ్గర ఆపేసి జవాబు అని గీత గీస్తే నేను సున్నా వేసేదాన్ని. వాళ్ళు ఆ మనుషుల్ని 15 ఏళ్ళ దాకా గమనించి 2016లో మిగతా లెక్క ప్రచురించారు. కొన్నేళ్ళకే ఆ ముందంజ చెరిగిపోయింది. ఎనిమిదేళ్ళు దాటాక తిరగబడింది కూడా, స్టెంట్ జట్టులోనే ఎక్కువమంది పోయారు, లోపల వదిలేసిన పాత ఉబ్బు పగలడం దానికి ఒక కారణం. అప్పటి స్టెంట్లు పాత రకం, ఇప్పటివి మెరుగు అని మీరంటారు. నిజమే కావచ్చు. ఆ మాట కూడా మాకు చెప్పి, ఆ తర్వాత అడగండి.

ఇవే అంకెలు ముందు పెట్టుకుని బ్రిటన్‌లో ఏ జబ్బుకి ఏ వైద్యం చేయాలో సూచించే నైస్ సంస్థ 2020లో, తట్టుకోగలిగిన వాళ్ళకి కోత ఆపరేషనే చేయమంది. ఐరోపా రక్తనాళాల సర్జన్ల సంఘమేమో, నాళం కుదిరిన వాళ్ళలో ఎక్కువమందికి స్టెంటే ముందు చూడండి, చాలా ఏళ్ళు బతికేలా ఉన్నవాళ్ళకి మాత్రం కోత గురించి ఆలోచించండి అంది. అంతంత పెద్దవాళ్ళకే ఒక మాట కుదరని విషయాన్ని నన్ను సాయంత్రంలోపు తేల్చమన్నారు.

మా అదృష్టం, మూడో చోట ఒక డాక్టరు గారు దొరికారు. వయసులో మా అబ్బాయి అంత ఉంటారు. ఆయన మొదట సీటీ చూడలేదు. మా ఆయన్ని అడిగారు, "ఎన్ని మెట్లు ఆగకుండా ఎక్కుతారు? సిగరెట్ ఎప్పుడు మానేశారు? ఏటా స్కానుకి రమ్మంటే ఎవరు తీసుకొస్తారు?" మా అమ్మాయి న్యూజెర్సీలో, అబ్బాయి బెంగళూరులో. ఇద్దరూ వాట్సాప్‌లో రాత్రంతా డాక్టర్లే గాని, తీసుకెళ్ళాల్సింది నేనే. కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే రక్తపరీక్షలో మా ఆయన క్రియాటినిన్ 1.6 ఉందని చూసి, సీటీకి ఎక్కించే మందు కిడ్నీలకి మాటిమాటికీ మంచిది కాదని చెప్పారు. అప్పుడు సీటీ తెరిచి, కంప్యూటర్ తెర మా వైపు తిప్పి, కిడ్నీ నాళాల కింద ఉన్న మంచి గోడని వేలితో చూపించారు. తొమ్మిది మిల్లీమీటర్లు. "మామూలు స్టెంట్ ఇక్కడ సరిగ్గా కూర్చోదండీ. కిడ్నీ నాళాలకి దారి ఉండేలా కిటికీలు పెట్టి ప్రత్యేకంగా చేయించేవి ఉన్నాయి, ఖర్చు ఇంకా చాలా ఎక్కువ, అవి నేను వేయను, కావాలంటే వేసే వాళ్ళ పేర్లు ఇస్తాను" అన్నారు.

డాక్టర్లూ, అది అదే సీటీ. మొదటి ఆసుపత్రి వాళ్ళు తీయించినదే. ఆ తొమ్మిది మిల్లీమీటర్లు అక్కడా కనిపించే ఉండాలి.

మా ఆయన ఆఖరి నిమిషంలో ఇంకో పేచీ పెట్టారు. ఐన్‌స్టీన్‌కీ ఇదే జబ్బట, ఆపరేషన్ వద్దన్నాడట, నేనూ వద్దంటానని. ఐన్‌స్టీన్ పోయింది 1955లో, 76వ ఏట. ఉబ్బు తీసేసి అతుకు వేసే ఆపరేషన్ ప్యారిస్‌లో చేసి చూపించి అప్పటికి నాలుగేళ్ళే. "ఆయనకి 76, మీకు 67, పైగా మీకు ఎక్కాలే సరిగ్గా రావు" అన్నాను. నవ్వి సంతకం పెట్టారు. ఆరు వారాలు సిగరెట్ ముట్టకుండా ఉండి అప్పుడు రమ్మన్నారు డాక్టరు, అలాగే వెళ్ళాం.

కోత ఆపరేషన్ హాయిగా ఉంటుందని ఎవరూ అనుకోవద్దు. నాలుగు గంటలు పట్టింది. ఐసీయూలో రెండో రాత్రి నన్ను పోల్చుకోలేదు, పొగాకు వేలం జరుగుతోందని నర్సుని తిట్టారు. అయిదు రోజులు పేగు కదలలేదు. పదో రోజు ఇంటికి వచ్చాం. స్టేడియంలో మళ్ళీ ఒక రౌండు వేయడానికి మూడు నెలలు. కుట్ల దగ్గర కొద్దిగా హెర్నియా వచ్చింది, బెల్టు పెట్టుకుంటున్నారు. ఇవన్నీ ఆ చిన్న డాక్టరు గారు ముందే చెప్పారు, అందుకే కోపం రాలేదు. ఆయన కూడా చెప్పనిది ఒకటుంది, రాయడానికి నాకే మొహమాటంగా ఉన్నా రాస్తున్నాను. ఈ ఆపరేషన్ తర్వాత మగవాళ్ళకి సంసార జీవితంలో ఇబ్బంది రావచ్చు, నాళం చుట్టూ ఉండే నరాలు దెబ్బతిని. 67 ఏళ్ళాయనకి ఇప్పుడెందుకులే అనుకున్నారేమో. ఎందుకో మేం చెప్పుకుంటాం, మీరు ముందు చెప్పండి.

ఆసుపత్రి బెంచీ మీద నరసరావుపేట వైపు నుంచి వచ్చిన ఒకాయన పరిచయమయ్యారు. ఉబ్బు 4.2. నొప్పేమీ లేదు. ఎక్కడో ఈ వారంలోనే స్టెంట్ వేయించుకోవాలన్నారట, అరెకరం అమ్మకానికి పెట్టారు. మగవాళ్ళకి అయిదున్నర దాటకముందు ఆపరేషన్ చేసినా, ఆగి గమనించినా బతికే లెక్కలో తేడా లేదని బ్రిటన్‌లో 1998లో, అమెరికాలో 2002లో తేలింది. వేగంగా పెరిగితే, నొప్పి వస్తే వేరే సంగతి, ఆడవాళ్ళకి హద్దు కాస్త తక్కువ. అరెకరం మాట విన్నాక ఆయన్ని ఇంకో డాక్టరు దగ్గరికి పంపించాను. ఆరు నెలలకో ఏడాదికో ఒకసారి స్కాను తీయిస్తూ సిగరెట్ మానెయ్యమన్నారట. ఇది మూడో దారి. ప్యాకేజీ లేదు కాబట్టి దీనికి కాగితమూ లేదు. మరీ నీరసించిపోయి, కోతకి తట్టుకోలేని వాళ్ళకి స్టెంట్ వేసినా మొత్తం మీద ఆయుష్షు పెరగలేదని ఈవార్-2 అనే ఇంకో బ్రిటన్ పరిశోధనలో తేలింది. అలాంటి ఇంట్లో వాళ్ళకి "ఏమీ చేయకుండా ఉండటం కూడా ఒక పద్ధతే" అని చెప్పే ధైర్యం మీరు చేస్తే, ఆ కుటుంబాలు మిమ్మల్ని తిట్టుకోవు.

ఇక మీ నుంచి నాకు కావలసింది. పోయిన ఏడాది మీ ఆసుపత్రిలో ఈ ఆపరేషన్లు ఎన్ని చేశారు, కోతవి ఎన్ని, స్టెంటువి ఎన్ని, నెలలోపు ఎంతమంది పోయారు అని అడిగితే చిరాకు పడకుండా చెప్పండి. ఇంగ్లండు లెక్కలు నాకు తెలుసు, నాకు కావలసింది మీ లెక్క. రెండింట్లో ఒకటే చేసే వాళ్ళయితే ఆ మాట చెప్పి, రెండోది చేసే వాళ్ళ దగ్గర కూడా ఒకసారి చూపించుకోమనండి. స్టెంటు ఖర్చు చెప్పేటప్పుడు వచ్చే పదేళ్ళ స్కాన్లూ కలిపి చెప్పండి. సీడీ అడక్కుండానే ఇవ్వండి, ఒక కాపీ మీ దగ్గర దాచండి. అరవై అయిదు దాటి, ఎప్పుడైనా సిగరెట్ తాగిన మగాయన దేనికోసం అల్ట్రాసౌండుకి వచ్చినా, ఆ చేత్తోనే అయోర్టా కూడా కొలిచి రిపోర్టులో రాయమని మీ ల్యాబు వాళ్ళకి చెప్పండి. బ్రిటన్‌లో 65 నిండిన మగవాళ్ళందరినీ ఇందుకోసమే పిలుస్తారు. మా గుంటూరులో పిలవకపోయినా, వచ్చిన వాణ్ణి చూడొచ్చు కదా. బాంబు అనే మాట దయచేసి మానేయండి.

అన్నిటికంటే ముందు ఒక కాగితం. ఒక్క పేజీ, తెలుగులో, పెద్ద అక్షరాల్లో. ఉబ్బు ఎంత ఉండేది, ఏం వేశారు, ఏ కంపెనీ, ఏ సైజు, స్కాను ఏ నెలలో, ఏ నొప్పి వస్తే ఆగకుండా రావాలి, ఏ నంబరుకి ఫోను చేయాలి. మా వదిన చదివి అర్థం చేసుకోగలగాలి. అన్నయ్య కోసం అలాంటిది నేనే ఒకటి రాసి, ప్లాస్టిక్ కవర్లో పెట్టి, ఈసారి బీరువా పై అరలో పెట్టించాను. వైద్యం ముక్కలు మీరు సరిచూసి ఇస్తే తెలుగు నేను చూసుకుంటాను. ఎవరు అడిగినా కాగితం పట్టుకుని విజయవాడ వస్తాను. వచ్చే నెల అన్నయ్య స్కానుకి ఎలాగూ రావాలి.

ఇట్లు,
రిటైరైన ఒక లెక్కల టీచరు,
బ్రాడీపేట, గుంటూరు